చీకట్లో అర నిమిషం

ఫ్రాన్సు బిళ్ళ అంటించిన నీలం కవరు ఒర్లియంపేటలో అమ్మాయమ్మ ఇంటి అరుగు మీదికి వచ్చి చేరిందనీ, దాని మీద గోవిందరాజన్, నాగకుమారి అని రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నాయనీ పోయినవారం చెప్పుకున్నాం. కవరు వచ్చి ఒక రోజు గడిచింది. చదివి చెప్పే మనిషి వచ్చేదాకా దాన్ని ఇద్దరిలో ఎవరూ విప్పలేదు. విప్పితే మాత్రం ఏం లాభం? అమ్మాయమ్మకు ఏ అక్షరమూ రాదు. నాగకుమారికి ఫ్రెంచి రాదు. గోవిందరాజన్‌కు మాట్లాడ్డం కొంత వచ్చుగాని, ఉత్తరాల భాష చదివే ధైర్యం లేదు.

నాగకుమారి యానాం దగ్గర పల్లెలో చదువుకుని, టైపిస్టు ఉద్యోగం వచ్చి పుదుచ్చేరి చేరిన పిల్ల. మూడేళ్ళుగా అమ్మాయమ్మ మేడ మీది గదిలో అద్దెకుంటోంది. అమ్మాయమ్మ కొడుకే గోవిందరాజన్. ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని. తాతముత్తాతల నుంచి ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నా అతనికి తెలుగు అక్షరం రాదు. అందుకని నాగకుమారి తను రాసిన కవిత పైకి చదివితే కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకటికి నాలుగుసార్లు చదివించుకునేవాడు. ఆ తర్వాత సూపర్ ఎయిట్ కెమెరా భుజాన వేసుకుని వెళ్ళి, చెవిలో మిగిలినదాన్ని కదిలే బొమ్మగా తీసుకొచ్చేవాడు. అలా మూడు మూగ చిత్రాలు తీసి, వాటితోపాటు వినిపించడానికి ఆమె చదివింది విడిగా క్యాసెట్టులో పట్టారు. ఫ్రాన్సులో కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఏటా అక్టోబరులో ఉత్సవం చేస్తారు. కవితల మీద తీసిన చిన్న చిత్రాలు తప్ప మరేవీ అక్కడ చూపించరు. మొదటి చిత్రం పంపితే, అనువాదం జతచెయ్యలేదని తిప్పి పంపారు. రెండోది కస్టమ్స్‌లో ఇరుక్కుని గడువు దాటాక చేరింది. మూడోది ‘మడవని వేలు’. దాని సంగతే ఈ కవరులో ఉంది.

ఆ రోజు జూలై పద్నాలుగు. రెండో శనివారం కావడంతో నాగకుమారికి ఆఫీసు లేదు. ఫ్రెంచివాళ్ళ పండగ కాబట్టి స్టూడియో కూడా మూశారు. పొద్దుటి నుంచి వీధిలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన పాత సైనికులు రొమ్ము మీద పతకాలు మెరిపించుకుంటూ బీచి రోడ్డు వైపు నడిచిపోతున్నారు. వాళ్ళలోంచి విడివడి, నల్లకోటు తొడుక్కున్న రామభద్రరావు గారు చెమటలు కక్కుకుంటూ అరుగెక్కారు. ఆయన యానాం వారే. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. ‘మడవని వేలు’ కవితను ఫ్రెంచిలోకి దించింది ఆయనే.

“అమ్మాయమ్మా, కాసిని మంచినీళ్ళివ్వు తల్లీ. ఈ కోటులో ఉడికిపోతున్నాను.”

“ఎవరు సారూ ఏసుకోమన్నది? చలి వాళ్ళ ఊర్లో, కోటు మీకా?” అంటూ అమ్మాయమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది.

“సభలో ఉపన్యాసం ఉందమ్మా. మీ ఆయనే ఉంటే ఈపాటికి పతకాలన్నీ గుచ్చుకుని నాకంటే ముందు నడిచేవాడు.”

“అవి బీరువాలోనే ఉండాయి. కావాలంటే మీరు గుచ్చుకోండి. కోటు ఎట్లాగూ ఉండాది గదా.”

రామభద్రరావు గారు నవ్వి, చెంబు దించి, కళ్ళజోడు తుడుచుకున్నారు. గోవిందరాజన్ కవరు అందించాడు. ఆయన అంచు జాగ్రత్తగా చింపి, ఉత్తరం మడత విప్పి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టారు. ఒక చోట “ఓహో” అన్నారు. ఇంకో చోట కనుబొమలు పైకెత్తారు. నాగకుమారి స్తంభానికి ఆనుకుని నిలబడి ఆ కనుబొమలనే చూస్తోంది.

“ఏంది సార్, మీరొక్కరే తింటా ఉండారు? మాకు కూడా కొంచెం పెట్టండి,” అన్నాడు గోవిందరాజన్.

“ఉండవయ్యా, ఇది తిన్నంత తేలిగ్గా లేదు,” అని ఆయన గొంతు సవరించుకుని తెలుగులో చెప్పుకుంటూ వచ్చారు.

“మీ చిత్రాన్ని ముగ్గురు న్యాయనిర్ణేతలం చూశాం. దరఖాస్తులో మూడు నిమిషాల ఇరవై సెకన్లు అని రాశారు. బొమ్మ మాత్రం రెండు నిమిషాల యాభై సెకన్లకే అయిపోయింది. ఇసుక మీద బోర్లించిన పడవలు కనిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ప్రొజెక్టరు ఆపేసి దీపాలు వెయ్యబోయాం. కానీ క్యాసెట్టులో ఆ అమ్మాయి గొంతు ఆగలేదు. ఎవరం లేవలేకపోయాం. అర నిమిషం చీకట్లో కూర్చుని విన్నాం. అనువాదం కాగితం మా ఒళ్ళోనే ఉంది, చీకట్లో చదవడానికి వీల్లేదు. అందువల్ల ఒక్క మాటకూ అర్థం తెలియకుండానే విన్నాం.”

రామభద్రరావు గారు అక్కడ ఆగి నాగకుమారి వైపు చూశారు. ఆమె తల వంచుకుంది. ఎక్కడో సముద్రాల అవతల, ముక్కూ ముఖం ఎరగని ముగ్గురు మనుషులు తన గొంతు ముందు చీకట్లో కూర్చున్నారన్న మాట ఆమె ఒంట్లోకి నెమ్మదిగా దిగుతోంది. పల్లెలో బడిలో చదువుకునేటప్పుడు మేష్టారు లేచి పాఠం చదవమంటే, వెనక బల్లవాళ్ళకు వినబడటం లేదని రోజూ తిట్లు తినేది ఆమె.

“ఇంకా ఉంది. మాలో ఒకరు ఇది పొరపాటు, చిత్రాన్ని తిప్పి పంపాలి అన్నారు. ఇంకొకరు ఈ ఏడు వచ్చినవాటిలో ఇంత సాహసం మరెవరూ చెయ్యలేదన్నారు. మూడో మనిషి మిమ్మల్నే అడుగుదామన్నారు. పొరపాటు ఉన్న చిత్రాన్ని తీసుకోవడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. తెలిసి చేసిందే అయితే, ఆ మాట రాసి తీసినవారూ కవిత రాసినవారూ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇరవయ్యో తేదీలోగా తంతి అందాలి. వెనకాలే సంతకాల కాగితం రావాలి. ఇదమ్మా సంగతి.”

“అంటే తీసుకున్నట్టా, లేదా?” అంది అమ్మాయమ్మ.

“మన చేతుల్లో పెట్టారు. ఏమ్మా నాగకుమారీ, అసలీ తేడా ఎలా వచ్చిందంటావు? మీరు నిడివి ఏ వేళప్పుడు కొలిచారు?”

“సాయంత్రం ఏడింటికండీ. ఇక్కడే, ఈ గోడ మీద వేసి, వాచీ చూసి కొలిచాం. అప్పుడే నా గొంతు కూడా రికార్డు చేశాం,” అంది నాగకుమారి.

“ఇంకేం మరి! ఏడింటికి మీ వీధిలో బల్బు ఎలా ఉంటుంది? కోడిగుడ్డు సొనలా ఉంటుంది. ఆ కరెంటుకి ప్రొజెక్టరు ముసలి ఎద్దులా ఈడ్చుకుంటూ తిరిగుంటుంది. ఇక్కడ మూడూ ఇరవై పట్టిన బొమ్మ వాళ్ళ కరెంటుకి గబగబా తిరిగి రెండూ యాభైకే అయిపోయింది. నీ గొంతు బ్యాటరీల టేపురికార్డరు మీద పట్టింది కాబట్టి అది మారలేదు.”

“అదే సార్, అదే. కరెంటే,” అని వెంటనే తల ఊపాడు గోవిందరాజన్.

“అయితే మా ఈది కరెంటుకి ఆ దొరలు చీకట్లో కూచున్నారా?” అమ్మాయమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “కూచోనీ. మేము దినమూ కూచోలేదా?”

అందరూ నవ్వారు. నాగకుమారి కూడా నవ్వింది. నవ్వుతూనే ఒకటి గమనించింది. గోవిందరాజన్‌ను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. అన్నం తిన్నావా అన్నా ఒక క్షణం ఆలోచిస్తాడు. కరెంటు మాటకు మాత్రం ఆయన నోట్లో మాట ఉండగానే తల ఊపేశాడు.

రామభద్రరావు గారు కోటు జేబులోంచి కాగితం తీసి ఫ్రెంచిలో రెండు వాక్యాలు రాశారు. కింద రెండు గీతలు గీశారు. “పొరపాటు కాదు, తెలిసే అలా చేశామని రాశాను. సంతకాలు పెట్టి ఉంచండి. ఉపన్యాసం ముగించుకుని గంటలో వస్తాను, ముగ్గురం తంతి ఆఫీసుకి వెళదాం. ఆఁ, అసలు మాట మరిచాను. చిత్రాన్ని తీసుకుంటే తీసినవాడు అక్టోబరులో స్వయంగా రావాలట. పది రోజులు వాళ్ళ ఊళ్ళో ఉంచుకుంటారట.”

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. అమ్మాయమ్మ ఖాళీ చెంబు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

“పది దినాలా?”

“పది దినాలేనమ్మా.”

“మీ చిన్నాయన నాగరాజన్ కూడా పది దినాలకని చెప్పే పోయినాడు. పద్దెనిమిది ఏండ్లు అయింది.”

“ఆయన సంగతి వేరేమ్మా.”

“ఏంది వేరే? మీ నాయన సిపాయి గనక నువ్వు కాగితం మీద ఆ దేశం వాడివి. పోతే రమ్మనేవాళ్ళే గాని పొమ్మనేవాళ్ళు ఆడ ఎవరుండారు? టికెట్ నేను పంపిస్తానని మీ చిన్నాయన ఉత్తరం మీద ఉత్తరం రాయిస్తా ఉండాడు. నాకు చదువు రాదు గాని చెవులుండాయి.”

ఇంక మాట పెంచకుండా ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లో రుబ్బురోలు తిరిగే చప్పుడు మొదలైంది.

గోవిందరాజన్ కాగితాన్ని బల్ల మీద పరిచాడు. మొదటి గీత మీద సంతకం పెట్టాడు. కలం తిప్పి, పట్టుకునే వైపు ఆమెకేసి చాపాడు.

నాగకుమారి తీసుకోలేదు.

“ఇది అబద్ధం కదండీ,” అంది.

“ఎవరికి చెడుపు దీంట్లో? వాళ్ళకి నచ్చింది. తెలిసి చేసినామంటే సంతోషపడతారు.”

“కరెంటు తక్కువై జరిగిందాన్ని మన గొప్పగా ఎలా చెప్పుకుంటామండీ? ఉన్నదున్నట్టు రాద్దాం. ఇలా పొరపాటయింది, క్యాసెట్టు మళ్ళీ పంపుతామని రాద్దాం.”

“మళ్ళీనా? మీకు తెలుసు, వాళ్ళ రూలు ఇప్పుడే విన్నారు గదా. పొరపాటు అంటే తిప్పి పంపించేస్తారు.”

“పంపితే పంపనివ్వండి. వచ్చే ఏడు...”

“వచ్చే ఏడు!” అతను లేచి నిలబడ్డాడు. గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు. “మొదటిది తిరిగొచ్చిన దినం మీరు అన్నం తినలేదు. రెండోది తిరిగొచ్చినప్పుడు నేను స్టూడియోకి పోలేదు. మూడోది వాళ్ళు కూచోని విన్నామని రాస్తే, వచ్చే ఏడు అంటా ఉండారు. నాగకుమారీ, మీకు తెలీదు. నేను పదేండ్లుగా పాస్‌పోర్ట్ ఫోటోలే తీస్తా ఉండాను. గడ్డం కొంచెం పైకి, కదలకండి, ఆఁ, అయిపోయింది. దినానికి ఆరుమంది, ఏడుమంది. అందరూ పోయేవాళ్ళే. వాళ్ళ ముఖాల్లో ఆ ఎలుతురు చూసి చూసి నాకు... ఆ స్టూలు మీద నేనొక్కసారి కూచోవద్దా?”

అతని కోరిక ఆమెకు తెలియనిది కాదు. మేడ మెట్ల మీద నిలబడి మూడేళ్ళుగా చూస్తూనే ఉంది. సాయంత్రం సైకిలు దిగి లోపలికి రాకుండా, వీధి చివర కనిపించే ఆకాశం ముక్కను ఒక్క నిమిషం చూసి అప్పుడు లోపలికి వచ్చే మనిషి. ఆ ఒక్క నిమిషంలో అతను ఎక్కడెక్కడ తిరిగి వస్తాడో అని ఆమె అనుకునేది. తను అలా ఏ ఊరికీ వెళ్ళాలనుకోలేదు. సైకిలు స్టాండు వేసిన చప్పుడు వింటే చాలు, ఆ రోజుకు తను చేరవలసిన చోటికి చేరినట్టే ఉండేది.

అబద్ధానికి సంతకం పెట్టనన్న మాట అబద్ధం కాదు. చిన్నప్పటి నుంచి ఆమె అలాగే పెరిగింది. కానీ ఈ పూట ఆ మాట ఎంత అక్కరకు వచ్చిందో కూడా ఆమెకు తెలుసు. రెండో గీత మీద తన పేరు పడకపోతే అక్టోబరులో ఈ ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. సైకిలు రోజూ వస్తుంది. ఆమె నిజం వెనక నిలబడి తన ఆశను దాచుకుంది. దాచుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడి కూడా కలం అందుకోలేదు.

గోవిందరాజన్ ఉత్తరాన్ని తీసి ఊరికే మడత పెట్టాడు, విప్పాడు. ఆ కాగితాన్ని చూస్తూ ఉంటే రామభద్రరావు గారు చదివిన మాట ఒకటి నాగకుమారికి మళ్ళీ వినబడింది. ఇందాక నవ్వుల్లో కొట్టుకుపోయిన మాట.

“ఏవండీ, చివరికి వాళ్ళకేం కనిపించిందన్నారు?”

“ఎప్పుడు?”

“బొమ్మ అయిపోయే ముందండీ. రావు గారు చదివారు కదా.”

అతను ఉత్తరం వైపే చూస్తూ అన్నాడు. “పడవలు.”

“పడవల తర్వాత ఇంకొకటి ఉండాలి కదండీ.”

అతను ఉత్తరాన్ని మళ్ళీ మడత పెట్టాడు.

చిత్రంలో చివరి బొమ్మ పడవలది కాదు. చివరి బొమ్మ నాగకుమారిది.

పుదుచ్చేరి పక్కన జాలరి పల్లె వీరాంపట్టినంలో ఆడవాళ్ళు వేటకు పోయిన పడవలు తిరిగి వచ్చే వేళకు ఒడ్డున నిలబడి, ఒక్కొక్క పడవ కనబడగానే ఒక్కొక్క వేలు మడుస్తారు. అన్నీ వచ్చాయంటే పిడికిలి బిగించి ఇంటికి పోతారు. పడవలన్నీ వచ్చేశాక కూడా ఒక వేలు మడవకుండా నిలబడిన మనిషి మీద నాగకుమారి కవిత రాసింది.

లెక్క సరిపోయిందని అందరూ వెళ్ళిపోయారు.
లెక్కలో లేని పడవ ఒకటుంది నాకు.
దాని కోసం ఈ వేలు
ఇంకా తెరిచే ఉంచాను.

అది తీయడానికి వెళ్ళిన రోజున ఆమె కూడా ఆ ఆడవాళ్ళ మధ్య నిలబడి, తనకు తెలియకుండానే పడవలు లెక్కపెడుతూ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. కెమెరాలో ఇంకా అర నిమిషం ఫిల్ము మిగిలి ఉంది. అతను దాన్ని ఆమె వైపు తిప్పాడు. ఆమెకు తెలియదు. ఫిల్ము బొంబాయిలో కడిగించుకుని వచ్చాక గోడ మీద వేసినప్పుడు మొదటిసారి చూసుకుంది. గాలికి ఎగిరే చెంగు, ఎండకు చిట్లించిన కళ్ళు, తెరిచి ఉన్న చిటికెన వేలు. ఒకరికి కనబడుతున్నామని తెలియని ముఖం. ఆమె ‘తీసెయ్యండి’ అనలేదు. ‘ఉండనివ్వండి’ అనీ అనలేదు. అతనూ అడగలేదు. ఆ బొమ్మ మీదే చివరి నాలుగు పాదాలూ చదివింది.

“కరెంటు బొమ్మను పరిగెత్తించగలదేమో గాని మింగలేదు కదండీ,” అంది నాగకుమారి. “గబగబా తిరిగినా పడవల తర్వాత నేను కనబడాలి. నేనెక్కడికి పోయాను?”

వంటింట్లో రోలు తిరుగుతూనే ఉంది. వీధిలో ఎవరో ముసలాయన నడుస్తుంటే పతకాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గోవిందరాజన్ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టాడు.

“నేనే కోసేసినాను.”

“ఎప్పుడండీ?”

“పార్సిల్ కట్టే ముందు. బ్లేడుతో.”

“బాగాలేదనా?”

“అయ్యో!” అన్నాడతను. ఆ ఒక్క మాటలో ఇంకేదో చాలా ఉంది. కాస్త ఆగి నెమ్మదిగా అన్నాడు. “ఈ ఫిల్ముకి నెగటివ్ లేదు, మీకు తెలుసు గదా. కెమెరాలో పడిందే బొమ్మ, అదొక్కటే. ఇంకో కాపీ లేదు. పోయినసారిది కస్టమ్స్‌లో ఎన్ని దినాలు పడి ఉండింది? దారిలో పోయిందంటే మళ్ళీ రాదు. పడవలు పోతే పోనీ, మళ్ళీ తీస్తాను. సముద్రం యాడికీ పోదు. అది పోతే?”

నాగకుమారి బల్ల అంచు పట్టుకుంది.

“బొమ్మ అయిపోతే వాళ్ళే క్యాసెట్టు ఆపేస్తారు అనుకున్నాను. చీకట్లో కూచోని వింటారని నేను కలగన్నానా? సార్ కరెంట్ అన్నాడు. సరి, అదే ఉండనీ అని తలకాయ ఊపినాను. మీకు ఎట్లా చెప్పేది? మిమ్మల్ని అడక్కుండా మీ బొమ్మ కోసి పెట్టుకున్నానని ఎట్లా చెప్పేది?”

మూడేళ్ళ నుంచి ఆమె ఎదురుచూసిన మాట అదే. ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా, చేతికందేంత దూరంలో వచ్చి నిలబడింది. ఆమె ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. ఆ వెచ్చదనంలోనే ఇంకొక ప్రశ్న ముల్లులా తగిలింది. ఆమె దేన్నీ సగం చూసి వదిలే మనిషి కాదు.

“నేను ఈ మేడ మీదే ఉన్నాను కదండీ,” అంది. “రోజూ కనబడుతూనే ఉన్నాను. మీకు బొమ్మ ఎందుకు?”

గోవిందరాజన్ ఈసారి ఆలోచించలేదు. ఆ జవాబు అతని దగ్గర ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది.

“ఉండేవాడికి ఎందుకు? పోయేవాడికే గదా కావాల్సింది.”

అప్పుడర్థమైంది నాగకుమారికి. ఈ కవరు రాకముందే, చిత్రాన్ని పార్సిల్ కట్టకముందే, అతను వెళ్ళడానికి నిశ్చయించుకున్నాడు. ఆమెను కోసి పక్కన పెట్టుకున్నది తన దగ్గర ఉంచుకోవడానికి కాదు, తీసుకుపోవడానికి. ఆమె వద్దు, ఆమె బొమ్మ కావాలి. కాదు, అలా అనుకోవడమూ అన్యాయమే. ఆమె కావాలి, అందుకే బొమ్మ. అయినా వెళ్ళక తప్పదు అతనికి. ఈ రెండూ నిజాలే. అవి ఒకే మనిషిలో ఇమిడి ఉన్నాయి.

ఇంకొకటి కూడా అర్థమైంది. పొరపాటు కాదన్న ఆ కాగితం ఇప్పుడు అబద్ధం కాదు. బొమ్మను తెలిసే తీసేశారు. తను ఇంతవరకూ దేని వెనక నిలబడిందో ఆ గోడ కూలిపోయింది.

ఆమె కలం తీసుకుంది. గోవిందరాజన్ ముఖంలోకి వెలుగు వచ్చింది. స్టూలు మీద కూర్చునేవాళ్ళ ముఖాల్లోని వెలుగు అని అతను ఇందాక చెప్పింది ఇదేనేమో. ఆమె దాన్ని ఓపిగ్గా, పూర్తిగా చూసింది.

“సంతకం పెడతాను,” అంది. “కానీ ఆ ముక్క నాకిచ్చెయ్యండి.”

“ఏంది?”

“నా బొమ్మ ఉన్న ముక్కండీ. అది నాది.”

“దాన్ని మీరేం చేసుకుంటారు?”

“నేనేం చేసుకుంటే ఏమిటి? మీరు ఫ్రాన్సు వెళ్ళండి. నేనే సంతకం పెట్టి పంపుతాను. నన్ను మాత్రం పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళకండి.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. వెనక బల్లవాళ్ళకు కూడా వినబడే గొంతు. “వేళ్ళు మడుచుకుంటూ ఒడ్డున నిలబడాల్సింది నేనే కదా. ఆ ముఖం ఎలా ఉంటుందో ముందుగా నేను చూసుకోవాలి.”

“ఇయ్యకపోతే?”

“ఇవ్వకపోతే ఆ గీత మీద పేరు పడదండీ.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతకాలం ఇద్దరి మధ్యా మాటలు కవితగానో బొమ్మగానో తిరిగేవి. ఇలా ఎదురెదురుగా, బేరమాడినట్టు ఎప్పుడూ నిలబడలేదు. గోవిందరాజన్ వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళాడు. అలమర తలుపు కిర్రుమంది. ఒక చిన్న మందుబిళ్ళల డబ్బీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని తనే పట్టుకుని ఆపేస్తే బాగుండునని నాగకుమారికి ఒక్క క్షణం అనిపించింది. ఆపలేదు.

అతను మూత తీశాడు.

డబ్బీలో ఏమీ లేదు.

అతను తిరగేసి కొట్టాడు. మళ్ళీ గదిలోకి పరిగెత్తాడు. అలమరలో పుస్తకాలు, పాత ఫిల్ము పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “ఈడనే పెట్టినాను, ఈడనే...” అంటున్నాడు. నాగకుమారికి ఆ క్షణంలోనే తెలిసింది, వంటింట్లో రోలు చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని.

అమ్మాయమ్మ గడపలో నిలబడి ఉంది. చేతికి అంటిన పిండిని కొంగుకు తుడుచుకుంటోంది.

“వెదకొద్దు రా. నా దగ్గర ఉండాది.”

గోవిందరాజన్ గది గుమ్మంలో ఆగిపోయాడు. “అమ్మా, దాన్ని నువ్వు తాకినావా? వేలి గుర్తులు పడితే...”

“పడనీ. మూడు నెలలుగా చూస్తా ఉండాను. పొద్దున లేస్తే కిటికీకాడ దాన్ని ఎలుతురుకి పట్టుకొని చూసేది, మళ్ళీ మూసేది. వీడికి ఏమి రోగమో అని ఈ పొద్దున తీసి చూసినాను. గోరంత గోరంత బొమ్మలు. ఒకదాని కింద ఒకటి, వందలు ఉండాయి. అన్నింటిలో ఈ పాపే.” ఆమె నాగకుమారి దగ్గరికి వచ్చి, పిండి ఆరని చేత్తోనే ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. “వాడు పోతాననేది నాకు తెలుసు. వాళ్ళ నాయన కూడా ఈ కళ్ళతోనే పోయినాడు. నేను అప్పుడు వాకిట్లో నిలబడి, ఒక మాట అడగలేదు. పొమ్మనీ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. అడగలేదు గదా అని ఆయన అనుకున్నాడో ఏమో, నేను ఇన్నేండ్లు అనుకుంటానే ఉండాను.”

“పిన్నిగారూ...”

“ఆ బొమ్మ వాడికియ్యను. నీకూ ఇయ్యను. కాగితం అడ్డం పెట్టుకునేది, బొమ్మ అడ్డం పెట్టుకునేది, ఇదేంది మీ ఇద్దరికీ? పాపా, వాడు ఉండాలని నీకుంటే నోరు తెరిచి చెప్పు. పోవాలంటే అది కూడా చెప్పు. వాడి ముఖం చూసి చెప్పు.”

వీధిలో రిక్షా ఆగింది. “సంతకాలయ్యాయా? తంతి ఆఫీసు దగ్గర జనం ఉంటారు, త్వరగా రండి!” అని రామభద్రరావు గారు కేక వేశారు.

గోవిందరాజన్ గుమ్మానికి చెయ్యి ఆన్చి నిలబడి ఉన్నాడు. కవితలు వినేటప్పుడు మూసుకునే కళ్ళు ఇప్పుడు తెరిచే ఉన్నాయి, ఆమె మీదే ఉన్నాయి.

నాగకుమారి కలం బల్ల మీద పెట్టింది. తల ఎత్తింది. నోరు తెరిచింది.

(తరువాయి వచ్చేవారం)